లాయర్లకు కంపెనీ ఉత్తరం రాసేటప్పుడు సంబోధన ఎలా? (సొంత లాయరు, అవతలి లాయరు, సీనియర్ అడ్వకేటు, బ్యాంకు లీగల్ మేనేజరు)

ఉత్తరాల_విభాగం అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది మిర్చి, పసుపు వ్యాపారం చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఉత్తరాలు కొన్ని తెలుగులో, ఎక్కువ ఇంగ్లీషులో వెళ్తాయి. ఈ నెల లాయర్లకు నాలుగు ఉత్తరాలు పంపాలి.

మొదటిది గుంటూరు జిల్లా కోర్టులో మా తరఫున వకాలతు (కేసు నడిపే అధికార పత్రం) వేసిన లాయరు గారికి, కాగితాలతో కవరింగ్ లెటర్. రెండోది, సరుకు డబ్బు బాకీ ఉందంటూ ఒక సరఫరాదారు తన లాయరు ద్వారా పంపిన నోటీసుకు జవాబు. దాని మీద మా డైరెక్టరు గారే సంతకం చేస్తారు. మూడోది హైకోర్టు రిట్‌లో మాకు వాదించబోయే సీనియర్ అడ్వకేటు గారికి కేసు వివరాలు. నాలుగోది ఒక బ్యాంకు లీగల్ విభాగం మేనేజరుకు. ఆయనా లా చదివినవారే.

ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఒకచోట పేరు తర్వాత ‘ఎస్క్వైర్’ అని ఉంది, ఇంకోచోట ‘లెర్నెడ్ సర్’, మరోచోట ‘ఆనరబుల్ అడ్వకేట్’. తెలుగులో ‘గౌరవనీయులైన’ అనాలా, ‘శ్రీయుత’ అనాలా? ‘అడ్వకేట్’ పేరుకు ముందా, వెనకా? చివర ‘విధేయులు’ అని రాయాలా, ‘భవదీయులు’ అనా? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పండి.

—

నకలు_ఫైలు జవాబు:

ముందు మామూలు కవరింగ్ లెటర్ సంగతి, అంటే మీ సొంత లాయరు గారికి వెళ్లేది.

మన దేశంలో కోర్టులో వాదించే హక్కున్న వర్గం ఒక్కటే, అడ్వకేటు. 1961 అడ్వకేట్స్ యాక్టులో 29వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. వకీలు, ప్లీడరు, లాయరు అన్నవి మాట్లాడేటప్పుడు వాడేవి, చిరునామాలో వాడేవి కావు. తెలుగులో రాస్తే ‘న్యాయవాది’, ఇంగ్లీషులో రాస్తే ‘అడ్వకేట్’. ‘ప్లీడరు’ అన్న మాట ఈరోజు హోదాగా మిగిలింది ‘ప్రభుత్వ ప్లీడరు’ దగ్గరే. ‘అటార్నీ’ అని రాస్తే ఇక్కడ చదివేవారికి ముందు గుర్తొచ్చేది పవర్ ఆఫ్ అటార్నీ పుచ్చుకున్న మనిషి. కాబట్టి దాన్ని అసలు ముట్టుకోవద్దు.

చిరునామా ఇలా ఉంటే చాలు:

శ్రీ కె. వెంకటరావు గారు,
న్యాయవాది,
(ఆఫీసు డోర్ నంబరు, వీధి, ఊరు, పిన్ కోడ్)

పేరు ముందు ‘అడ్వకేట్’ పెట్టడం నోటి అలవాటు, ‘డాక్టర్’ లాగా. అయితే అది బిరుదు కాదు, వృత్తి. కాబట్టి పేరు కింద వరుసలో రావాలి. ‘శ్రీ అడ్వకేట్ వెంకటరావు’ అని ఎప్పుడూ రాయకండి. ఆయన లెటర్‌హెడ్ మీద బి.కాం., బి.ఎల్. అనో, బి.ఏ., ఎల్.ఎల్.బి. అనో ఉంటుంది. ఆ డిగ్రీలు మీ ఉత్తరంలో ఎక్కించక్కర్లేదు. పీహెచ్‌డీ ఉండి ఆయనే డాక్టర్ అని రాసుకుంటుంటే మాత్రం ‘డా.’ వేయాలి, అప్పుడు ‘శ్రీ’ తీసేయాలి.

ఇంగ్లీషు ఉత్తరంలో తెలుగు పేర్లతో ఒక చిక్కుంది. ఇంగ్లీషు పుస్తకాలు ‘డియర్ మిస్టర్’ తర్వాత ఇంటిపేరు పెట్టమంటాయి. మన ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది. కె. వెంకటరావు గారిని ‘డియర్ మిస్టర్ కె.’ అన్నా, ఆ ‘కె’ విప్పి ‘డియర్ మిస్టర్ కొల్లి’ అన్నా మనవాళ్లకు ఎబ్బెట్టుగానే వినిపిస్తుంది. ‘డియర్ శ్రీ వెంకటరావు గారు’ అన్నదే ఇక్కడ చెల్లుబాటయ్యే పద్ధతి, ఇంగ్లీషు ఉత్తరంలో ‘గారు’ అని రాయడం తప్పేమీ కాదు. బాగా లాంఛనంగా ఉండాలంటే ‘డియర్ సర్’ చాలు. పేరు స్పెల్లింగు ఆయన లెటర్‌హెడ్ మీదో వకాలతు మీదో ఎలా ఉంటే అలాగే, అక్షరం మారకుండా రాయండి. ‘వెంకట రావు’ అని విడగొట్టుకునేవారి పేరు కలిపేస్తే అది కూడా పొరపాటే.

తెలుగు సంబోధనలో ‘అయ్యా,’ అనేది అన్నిటికీ సరిపోతుంది. ‘గౌరవనీయులైన న్యాయవాది గారికి’ అన్నా తప్పు లేదు. ‘శ్రీయుత’ రాస్తే మళ్లీ ‘శ్రీ’ వద్దు. రెండూ పెట్టి ‘శ్రీయుత శ్రీ’ అని రాసేవాళ్లున్నారు.

ముగింపు గురించి అడిగారు. ‘విధేయుడు’ అనేది అధికారికి అర్జీ పెట్టుకునేవారి మాట. మీరు క్లయింటు, ఆయన మీరు పెట్టుకున్న న్యాయవాది. ఇద్దరి మధ్య ‘భవదీయులు’ సరైనది. ఇంగ్లీషులో పైన ‘డియర్ సర్’ అంటే కింద ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, పైన పేరు పెట్టి పిలిస్తే కింద ‘యువర్స్ సిన్సియర్లీ’.

సంబోధన కన్నా ఆ లాయరు గారి గుమాస్తాకు పనికొచ్చేది విషయం వరుస. కోర్టు పేరు, కేసు నంబరు, సంవత్సరం, పార్టీల పేర్లు, తర్వాతి వాయిదా తేదీ, ఈ ఐదూ అందులో ఉండాలి. ‘మన కేసు విషయమై’ అని రాస్తే ఆ కాగితాలు ఏ కట్టలో చేరతాయో చెప్పలేం. జత చేసిన కాగితాలకు వరుస నంబర్లు వేసి, ప్రతిదానికీ ఎన్ని పేజీలో, అసలో నకలో రాయండి. నకలు కాపీ మీద ‘అందినది’ అని తేదీతో సంతకం పెట్టించుకోండి. అసలు దస్తావేజులు ఇచ్చినప్పుడు ఇది తప్పనిసరి.

—

సివిల్_సైడ్ జవాబు:

పై జవాబు బాగుంది. రెండో ఉత్తరం గురించి నేను రాస్తాను. నాలుగింటిలో ప్రమాదం ఉన్నది దానిలోనే. ‘శ్రీ’నా ‘శ్రీయుత’నా అన్నదాంట్లో తప్పుపోతే ఎవరికీ నష్టం రాదు. ఆ లాయరును ఏ హోదాలో సంబోధిస్తున్నారన్నది తప్పితే వస్తుంది.

నోటీసు పంపిన లాయరు మీకు అప్పిచ్చినవాడు కాదు, మీతో తగాదా ఉన్నవాడూ కాదు. తన క్లయింటు చెప్పింది రాసిన ప్రతినిధి. అందువల్ల ఉత్తరం మొత్తంలో ‘మీరు’ అనే మాట ఆయన చేసిన పనికే వాడాలి, అంటే నోటీసు పంపడానికి. మిగతా అంతా ‘మీ క్లయింటు’. ‘మీరు పాడైన సరుకు పంపారు, మీరు లెక్క తప్పు చూపించారు’ అని రాస్తే లాయరు గారిని నిందించినట్టు అవుతుంది, పైగా ఎవరి మీద ఏ ఆరోపణో రికార్డులో గజిబిజి అవుతుంది. ‘మీ క్లయింటు 14వ తేదీన పంపిన 60 బస్తాల్లో 22 బస్తాలు తేమతో ఉన్నాయి’ అని రాయండి. లాయరు ఉద్దేశాల జోలికి పోకండి. ‘మీరు బెదిరించడానికే ఈ నోటీసు ఇచ్చారు’ లాంటి వాక్యాలు పూర్తిగా కొట్టేయండి.

నమూనా:

ఫలానా ప్రైవేట్ లిమిటెడ్ (లెటర్‌హెడ్)
సంఖ్య, తేదీ

శ్రీ ________ గారు,
న్యాయవాది,
(నోటీసు మీద ఉన్న చిరునామా)

విషయం: మీ క్లయింటు మెస్సర్స్ ________ తరఫున మీరు ఫలానా తేదీన పంపి, మాకు ఫలానా తేదీన అందిన నోటీసు – జవాబు.

అయ్యా,
పైన చెప్పిన నోటీసుకు మా హక్కులకు భంగం లేకుండా ఈ జవాబు ఇస్తున్నాం...

ఈ విషయం వరుసలో రెండు తేదీలు ఎందుకంటే, గడువు చాలాసార్లు నోటీసు రాసిన రోజు నుంచి కాక అందిన రోజు నుంచి నడుస్తుంది. చెక్కు బౌన్సు నోటీసు చూడండి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టు 138వ సెక్షన్ ప్రకారం బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో అవతలివారు నోటీసు ఇవ్వాలి, అది అందిన రోజు నుంచి 15 రోజుల్లో మీరు డబ్బు కట్టాలి. కవరు పారేయకండి, దాని మీద పోస్టు ముద్ర ఉంటుంది. ఆ డబ్బు కట్టేటప్పుడు డీడీ క్లయింటు పేరునే ఉండాలి, లాయరు పేరున కాదు. క్లయింటు రాతపూర్వకంగా అధికారం ఇచ్చి ఉంటే తప్ప లాయరు ఖాతాకు సొమ్ము పంపొద్దు. డీడీని లాయరు గారికి కవరింగ్ లెటరుతో పంపవచ్చు, నంబరు, తేదీ, మొత్తం అందులో రాసి.

ఇక అసలు జాగ్రత్త. మర్యాద కోసం చాలామంది ఒక వాక్యం చేరుస్తారు: ‘మీ క్లయింటుకు ఇవ్వాల్సిన బాకీ త్వరలో సర్దుబాటు చేస్తాం.’ 1963 లిమిటేషన్ యాక్టు 18వ సెక్షన్ ప్రకారం, గడువు తీరకముందు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన రాత ఏదైనా ఉంటే ఆ రోజు నుంచి కాలపరిమితి మళ్లీ మొదలవుతుంది. సరుకు అమ్మిన డబ్బు విషయంలో అది మూడేళ్లు. ‘మేము రాసింది లాయరుకే కదా, అప్పిచ్చినవాడికి కాదు కదా’ అన్న వాదన నిలవదు. హక్కుదారు కాని మరొకరికి రాసినా ఒప్పుదలే అవుతుందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. మర్యాద సంబోధనలో చూపించండి, బాకీ గురించిన వాక్యాల్లో కాదు.

రాజీ మాటలు రాయాల్సి వస్తే అవి ఈ జవాబులో కలపకుండా వేరే ఉత్తరంగా రాయండి. దాని మీద ‘హక్కులకు భంగం లేకుండా, సాక్ష్యంగా వాడకూడదన్న షరతుతో’ అని స్పష్టంగా పెట్టండి. సివిల్ వ్యవహారాల్లో అలాంటి షరతుతో చేసిన ఒప్పుదలను సాక్ష్యంగా తీసుకోరు. ఇంగ్లీషులో ‘వితౌట్ ప్రెజుడిస్’ అని నెత్తిన రాసేది ఇందుకే. మామూలు ఉత్తరాలన్నిటి మీదా అలవాటుగా కొట్టించే ముద్రగా మారిస్తే దాని బలం పోతుంది.

నకలు నేరుగా ఆ సరఫరాదారుకు కూడా పంపవచ్చా అంటే, మీరు పార్టీ కాబట్టి పంపవచ్చు. సంతకం మీ లాయరు చేస్తే మాత్రం వేరే సంగతి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (న్యాయవాద వృత్తిని నియంత్రించే సంస్థ) నియమాల్లో 34వది, అవతలి పార్టీకి లాయరు ఉన్నప్పుడు వివాదం గురించి ఆ లాయరు ద్వారా తప్ప నేరుగా పార్టీతో సంప్రదించకూడదని అడ్వకేటును కట్టడి చేస్తుంది.

ఇంకో పొరపాటు కూడా తరచు జరుగుతుంది. మీరిద్దరి మధ్య అగ్రిమెంటులో నోటీసులు ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో ఇవ్వాలో ఒక క్లాజు ఉండి ఉంటుంది. ఆ ఒప్పందం రద్దు చేస్తున్నామనో, ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) వెళ్తున్నామనో చెప్పే ఉత్తరం లాయరుకు మాత్రమే పంపితే ఆ క్లాజు పాటించినట్టు కాదు. క్లాజులో ఉన్న చిరునామాకే అసలు పంపి, లాయరుకు నకలు పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పాత ఒప్పందాల్లో ‘రిజిస్టర్డ్ పోస్టు విత్ ఏడీ’ (అందినట్టు సంతకంతో తిరిగొచ్చే రసీదు) అని ఉన్నచోట ఇప్పుడు స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ అడిగి తీసుకుని రసీదు నంబరు ఉత్తరం నకలు మీదే రాసిపెట్టుకోండి.

—

బోర్డు_నోట్ జవాబు:

మూడు, నాలుగు ఉత్తరాల మీద.

సీనియర్ అడ్వకేటు అన్నది వయసుకో అనుభవానికో ఇచ్చే మర్యాద కాదు. అడ్వకేట్స్ యాక్టు 16వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు గానీ హైకోర్టు గానీ ఇచ్చే హోదా. పాతికేళ్లు ప్రాక్టీసు చేసిన ఆయన్ని ‘సీనియర్ అడ్వకేట్’ అని కవరు మీద రాయడం మంచి ఉద్దేశమే అయినా తప్పు రాత. ఆయనే ఇబ్బంది పడతారు.

నిజంగా ఆ హోదా ఉన్నవారైతే మీరు ఆయనకు నేరుగా కేసు వివరాలు రాయకూడదు. సీనియర్లు వకాలతు వేయకూడదు, క్లయింటు నుంచి నేరుగా బ్రీఫు (వాదించాల్సిన కేసు) తీసుకోకూడదు అని బార్ కౌన్సిల్ నియమాలున్నాయి. కాబట్టి మీ మూడో ఉత్తరం సీనియర్ పేరున అసలు వెళ్లకూడదు. రిట్‌లో వకాలతు ఉన్న అడ్వకేటు పేరున వెళ్లాలి. విషయం కింద ఒక వాక్యం చాలు: ‘సీనియర్ అడ్వకేట్ శ్రీ ________ గారికి సమర్పించేందుకు కేసు సారాంశం, తేదీల పట్టిక జత చేశాం.’ సారాంశం రెండు పేజీలు దాటకుండా, తేదీల పట్టిక వేరే కాగితం మీద. సుప్రీంకోర్టు అయితే ఆ మధ్యవర్తి స్థానంలో అడ్వకేట్ ఆన్ రికార్డ్ ఉంటారు. అక్కడ కేసు దాఖలు చేసే అధికారం వారిదే, అందువల్ల ఆ హోదాను పేరు కింద పూర్తిగా రాయండి.

హైకోర్టు పేరు కూడా చూసుకోండి. 2019 జనవరి 1 నుంచి రెండు హైకోర్టులు వేరయ్యాయి. గుంటూరు కంపెనీ రిట్ అయితే అది అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. పాత ఫైలులోంచి నకలు చేసి ‘ఏపీ హైకోర్టు, హైదరాబాద్’ అని ఇప్పటికీ పంపేవారున్నారు. ఆ కవరు తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

బ్యాంకు లీగల్ మేనేజరు విషయం. పూర్తికాలం జీతం మీద పనిచేసేవారు అడ్వకేటుగా ప్రాక్టీసు చేయకూడదు, ఇది అదే నియమాల్లో 49వది. లా డిగ్రీ ఉన్నా, ఒకప్పుడు ఎన్‌రోల్ అయినా, ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన ‘అడ్వకేట్’ కాదు. ‘శ్రీ ________ గారు, మేనేజరు (లీగల్), ఫలానా బ్యాంకు, ఫలానా శాఖ’ అని రాయండి. బ్యాంకుకు బయట ప్యానెల్ అడ్వకేటు ఉంటే ఆయనకు రాసేది వేరే ఉత్తరం, అందులో ‘న్యాయవాది, ఫలానా బ్యాంకు తరఫున’ అని ఉండాలి.

గోప్యత దగ్గర కూడా ఈ తేడా పనిచేస్తుంది. భారతీయ సాక్ష్య అధినియం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 132వ సెక్షన్ అడ్వకేటుకు, క్లయింటుకు మధ్య నడిచిన వృత్తిపరమైన సంభాషణకు రక్షణ ఇస్తుంది. మీ లాయరుకు సలహా అడుగుతూ రాసే ఉత్తరం నెత్తిన ‘గోప్యం – న్యాయ సలహా నిమిత్తం’ అని పెట్టండి. అయితే ఆ ముద్రే రక్షణ తెచ్చిపెట్టదు, ఎవరికి రాశారన్నది తెస్తుంది. అదే మెయిలును ఆడిటరుకు, బ్రోకరుకు, సరుకు ఏజెంటుకు సీసీ పెడితే మీరే గోప్యం వదులుకున్నట్టు. సలహా అడిగే మెయిలూ, వ్యాపార సంగతుల మెయిలూ విడివిడిగా పంపండి.

కంపెనీ ఉత్తరం కాబట్టి ఇంకో సంగతి. కంపెనీల చట్టం 2013, 12వ సెక్షన్ ప్రకారం మీ లెటర్‌హెడ్ మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య), ఫోను, ఈమెయిలు ఉండి తీరాలి. లేకపోతే రోజుకు 1,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా లక్ష వరకు జరిమానా. అవతలి లాయరుకు వెళ్లే కాగితం మీదే ఆ లోపం కనిపించడం ఎందుకు? సంతకం దగ్గర ‘ఫలానా ప్రైవేట్ లిమిటెడ్ తరఫున’ అని పైన, పేరు, డైరెక్టరు అన్న హోదా కింద. వట్టి సంతకం పెడితే అది డైరెక్టరు సొంత ఉత్తరమా, కంపెనీదా అని ప్రశ్న పుడుతుంది.

—

ఉత్తరాల_విభాగం:

చాలా ఉపయోగపడింది. మూడో ఉత్తరం ఆపేశాం, వకాలతు ఉన్న అడ్వకేటు గారి పేరున మారుస్తున్నాం. ఇంకొన్ని సందేహాలు. నోటీసు పంపిన లాయరు గారు మహిళ, పెళ్లయిందో లేదో మాకు తెలియదు. శ్రీమతి అనాలా, కుమారి అనాలా? ఒక లాయరు గారు ‘అండ్ అసోసియేట్స్’ అని ఆఫీసు నడుపుతున్నారు, ఆయనకు మెస్సర్స్ పెట్టాలా? అలాగే అమెరికాలో మా కొనుగోలుదారు తరఫున ఒక అటార్నీ రాశారు, ఆయనకు ‘ఎస్క్వైర్’ వాడాలా?

—

నకలు_ఫైలు జవాబు:

మహిళా న్యాయవాదుల విషయంలో తెలుగు మనకు మంచి సాయం చేస్తుంది. ‘గారు’కు, ‘న్యాయవాది’కి లింగభేదం లేదు. పేరు తర్వాత ‘గారు’, కింద ‘న్యాయవాది’ అంటే సరిపోతుంది, ముందు ఏమీ అక్కర్లేదు. ఆమె నోటీసు మీద శ్రీమతి అని ఉంటే అలాగే రాయండి, లేకపోతే మీరు ఊహించి చేర్చకండి. సంబోధన ‘అమ్మా,’ లేదా ‘న్యాయవాది గారికి నమస్కారం.’ ఇంగ్లీషులో ‘మిజ్’, సంబోధనకు ‘డియర్ మేడమ్’. పేరును బట్టి ఆడో మగో తెలియనప్పుడు కూడా ‘గారు’ పద్ధతే కాపాడుతుంది. పొడి అక్షరాలతో సంతకం చేసేవారి దగ్గర ఇది చాలా అవసరం.

‘న్యాయమూర్తి’ అని మాత్రం పొరపాటున టైపు చేయకండి. న్యాయమూర్తి అంటే జడ్జి. న్యాయవాది, న్యాయమూర్తి రెండూ పక్కపక్కన ఉండే మాటలు కావడంతో హడావిడిలో తారుమారవుతుంటాయి. ‘గౌరవ’, ‘ఆనరబుల్’ అన్నవి కోర్టుకు, జడ్జీలకు చెందినవి. ‘లెర్నెడ్’ అనేది కోర్టు హాలులో ఒక న్యాయవాది ఇంకో న్యాయవాది గురించి, జడ్జి న్యాయవాది గురించి అనే మాట. కంపెనీ నుంచి వెళ్లే ఉత్తరంలో దానికి చోటు లేదు.

—

సివిల్_సైడ్ జవాబు:

‘అండ్ అసోసియేట్స్’ అన్నది చాలాసార్లు ఒక్క న్యాయవాది ఆఫీసు పేరే, భాగస్వాములు ఉండకపోవచ్చు. వకాలతు ఎప్పుడూ వ్యక్తుల పేర్ల మీద ఉంటుంది, ఆఫీసు పేరు మీద కాదు. మీ కేసులో సంతకం చేసింది ఎవరో ఆయన పేరున రాసి, కింద ఆఫీసు పేరు చేర్చండి. నిజమైన భాగస్వామ్య సంస్థ అయితే పైన ‘మెస్సర్స్’ తో సంస్థ పేరు, దాని కింద ‘శ్రీ ________ గారి దృష్టికి’. సంస్థలో మనుషులు మారుతుంటారు. ఒక్క వ్యక్తి పేరునే పంపితే, ఆయన వెళ్లిపోయాక ఉత్తరం ఎవరూ విప్పకుండా ఉండిపోతుంది.

చిరునామా బార్ అసోసియేషన్ కేరాఫ్‌గా పెట్టకండి. అక్కడికి వచ్చే టపా గుట్టగా పడి ఉంటుంది. నోటీసు మీద ఇల్లు, ఆఫీసు రెండు చిరునామాలుంటే ఆఫీసుది వాడి, ఈమెయిలు ఉంటే స్కాన్ కూడా అదే రోజు పంపండి. వాట్సాప్‌లో ఫొటో పంపి ‘జవాబు ఇచ్చేశాం’ అనుకోవద్దు.

రిటైరయిన జడ్జి గారు అడ్వకేటుగా ఉంటే ఏమనాలో మీరు అడగలేదు గానీ, ఎప్పుడో అవసరం పడుతుంది. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం అడ్వకేటు తన బోర్డు మీద, కాగితాల మీద ఒకప్పుడు జడ్జిననో, అడ్వకేట్ జనరల్‌ననో, ఫలానా రకం కేసుల్లో నిపుణుడిననో రాసుకోకూడదు. ఆయన రాసుకోకూడనిది మీరు కవరు మీద రాయకపోవడమే మంచిది. అదే వ్యక్తి మీ తగాదాలో ఆర్బిట్రేటరుగా కూర్చుంటే మాత్రం అక్కడ ఆయన అడ్వకేటు కాదు. ‘ఏకైక ఆర్బిట్రేటరు’ అన్న హోదా రాసి, ఉత్తరం నకలు అవతలి పక్షానికి తప్పక పంపాలి. 1996 ఆర్బిట్రేషన్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్‌కు ఒకరు ఇచ్చే ప్రతి కాగితం ఎదుటివారికీ అందాలి. కింద ‘నకలు: ప్రతివాది న్యాయవాదికి’ అన్న వరుస లేకుండా ఆర్బిట్రేటరుకు ఒక్క మెయిలు కూడా పంపకండి, తేదీ మార్చమని అడగడానికైనా సరే.

ప్రభుత్వ ప్లీడరుకు రాయాల్సి వస్తే పేరు కన్నా పదవి ముఖ్యం. ‘ప్రభుత్వ ప్లీడరు (రెవెన్యూ), ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అమరావతి’ అని రాయండి. ప్రభుత్వం మారితే మనుషులు మారతారు, ఆఫీసు ఉంటుంది.

—

న్యూజెర్సీ_ఫైలింగ్ జవాబు:

అమెరికా భాగం నేను చెబుతాను. ఇక్కడ అటార్నీ అన్నదే సరైన మాట. ‘ఎస్క్వైర్’ రాస్తే పేరు తర్వాత, కామా పెట్టి, పొట్టిగా ‘ఎస్క్.’ అని. అది పెట్టినప్పుడు పేరు ముందు మిస్టర్, మిజ్ రెండూ పోతాయి. మనవాళ్లు రెండువైపులా పెడతారు, అది తప్పు. ‘జె.డి.’ (అమెరికా లా డిగ్రీ), ‘ఎస్క్.’ రెండూ కలిపి రాయరు. ‘ఎస్క్.’ చిరునామాలోనే ఉంటుంది, సంబోధనలోకి రాదు. అక్కడ ‘డియర్ మిజ్’ తర్వాత ఇంటిపేరు, చివర కామా కాదు, కోలన్. పేరు ఎవరిదైనా ఇక్కడ ఇంటిపేరే పట్టుకోవాలి. తెలుగు అటార్నీ అయితే ఆయన సంతకంలో ఏది చివర ఉందో చూసి అదే తీసుకోండి, ఇక్కడ పేర్లు తిరగేసుకుని ఉంటారు.

తేదీ 05-06-2025 అని వేస్తే మీకు జూన్ 5, వాళ్లకు మే 6. గడువుల ఉత్తరంలో ఇది పెద్ద పేచీ. నెల పేరు అక్షరాల్లో రాయండి. డబ్బు మొత్తం లక్షల్లో, కోట్లలో కాకుండా డాలర్లలో, మిలియన్ల పద్ధతిలో కామాలు పెట్టి ఇవ్వండి.

ఇంగ్లండ్‌కు రాయాల్సి వస్తే ఇదంతా పనికిరాదు. అక్కడ ‘ఎస్క్వైర్’ లాయర్లకు ప్రత్యేకం కాదు, పాతకాలపు మర్యాద మాట. కంపెనీ ఉత్తరాలు సాధారణంగా సొలిసిటర్ల సంస్థ పేరున వెళ్తాయి. వాళ్ల రిఫరెన్సు నంబరు, మీది రెండూ పైన వేయాలి.

—

బోర్డు_నోట్ జవాబు:

రెండో ఉత్తరం పంపే ముందు మీ డైరెక్టరు గారి సంతకానికి పెట్టకుండా ఒకసారి మీ లాయరు గారికి చూపించండి. ‘మీరు’, ‘మీ క్లయింటు’ తేడా, బాకీ అన్న మాట ఎక్కడైనా దొర్లిందా అన్నది ఆయన పది నిమిషాల్లో పట్టేస్తారు. అప్పుడు జత చేసే ఉత్తరం మీ మొదటి రకానిది: ‘గోప్యం – న్యాయ సలహా నిమిత్తం. జవాబు ముసాయిదా పరిశీలనకు. నోటీసు నకలు 3 పేజీలు, కవరు నకలు 1 పేజీ, ఇన్వాయిసులు 4 జత చేశాం. నోటీసు మాకు అందిన తేదీ ఫలానా.’

—

ఉత్తరాల_విభాగం:

ముసాయిదాలో ‘మీరు’ 11 చోట్ల వచ్చింది, ‘త్వరలో సర్దుబాటు చేస్తాం’ అన్న వాక్యం ఒకచోట. అన్నీ తీసేశాం. ఆ మహిళా న్యాయవాది గారి నోటీసు మీద పేరు ముందు ఏమీ లేదు, మేమూ పెట్టలేదు. అమెరికా ఉత్తరంలో తేదీ అక్షరాల్లోకి మార్చాం. అందరికీ ధన్యవాదాలు.